అద్దె నోరు: క్యాన్సర్ గదుల్లో నా ఉద్యోగం

నేను తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు తప్పాను. ఎన్ని మార్కులతో తప్పానో చెప్పను. చెబితే జనం నా మీద కాదు, మా మాస్టారి మీద జాలిపడతారు. ఆ తర్వాత బడి మొహం చూడలేదు. అలాంటివాణ్ణి అమెరికా వచ్చి, అదే ఇంగ్లీషు అమ్ముకుని ఇల్లు నడిపి, రిటైరయ్యాను. ఈ సంగతి మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. షాపులో నేను ఇంగ్లీషు మొదలెడితే నాకూ తనకూ సంబంధం లేనట్టు ఉల్లిపాయల వైపు నడుస్తుంది.

నా ఉద్యోగం హాస్పిటల్ ఇంటర్‌ప్రెటర్. పాత మాటలో దుబాసీ. డాక్టరు ఇంగ్లీషులో అన్నది పేషంటుకి తెలుగులో చెప్పాలి, పేషంటు తెలుగులో అన్నది డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పాలి. దీనికో రూలుంది. ఎవరు మాట్లాడితే వాళ్లలాగే 'నేను' అనాలి. 'ఆవిడకి కడుపునొప్పట' అంటే తప్పు. 'నాకు కడుపునొప్పి' అనాలి. ఆ లెక్కన ఈ నోటికి రాని రోగం లేదు. మీసాలున్నవాణ్ణి, డాక్టర్ల ముందు నిలబడి నెల తప్పానని చెప్పిన సందర్భాలు బోలెడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడటమే పని, అందులో సొంత మాట ఒక్కటీ ఉండకూడదు. నోటి దురద ఉన్నవాడికి దేవుడు ఆలోచించి వేసిన శిక్ష అది.

ఇంగ్లీషు ఎక్కడ నేర్చానని అడుగుతారు. న్యూజెర్సీలో పెట్రోలు ఎవరి కారుకి వాళ్లు పోసుకోకూడదు, బంకులో మనిషే పోయాలి. ఆ మనిషిని నేను. కారు అద్దం దించి తిట్టేవాళ్ల దగ్గర నేర్చుకున్న భాష గట్టిగా నిలబడుతుంది. తెలుగు వచ్చినవాళ్లు కావాలని ఒక హాస్పిటల్ కబురు పెడితే పరీక్షకి వెళ్లాను. అప్పట్లో ఆ పనికి చదువుకున్న తెలుగువాళ్లెవరూ రాలేదు. వాళ్లకి కంప్యూటర్లున్నాయి.

ఇప్పుడు ఈ పనిలోకి పిల్లలు బాగా వస్తున్నారు. సర్టిఫికెట్లున్నాయి, ట్యాబ్లెట్‌లో వీడియో పెట్టుకుని ఇంట్లోంచే పని చేస్తున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. మీ ట్రైనింగులో శరీర భాగాల పేర్లు నేర్పుతారు. మనుషుల గురించి నేర్పరు. నన్ను ఎక్కువగా వేసింది ఒళ్లంతా పాకిన క్యాన్సర్ల గదుల్లో కాబట్టి అక్కడ చూసిందే చెబుతాను. పేర్లు మార్చాను. ముఖ్యమైన ఒకావిడని మాత్రం అడిగి రాస్తున్నాను. 'రాసుకో, పేరు మాత్రం మంచిది పెట్టు' అంది.

మారిసోల్ రూలు

మా బాస్ పేరు మారిసోల్, స్పానిష్ ఆవిడ. స్పానిష్ వాళ్లకి సొంత గది ఉండేది. తెలుగు, బర్మీస్, ఇంకా పేరు పలకడం రాని భాషలన్నింటికీ కలిపి 'అదర్' అని రాసిన ఒక కుర్చీ ఉండేది. మొదటి రోజే ఆవిడ చెప్పింది: గదిలో గాల్లోకి వెళ్లిన ప్రతి మాటా నువ్వు చెప్పాలి, అది తిట్టయినా గుసగుసయినా. ఈ సంగతి లోపలికి వెళ్లగానే అందరికీ ముందే చెప్పు. చెప్పిన తర్వాత కూడా ఎవరైనా నోరు జారితే, జారింది వాళ్ల నోరు, నీది కాదు.

నీ మాట కలపొద్దు అన్నది రెండో సగం. మాతో పనిచేసే ఒకాయన, పేషంటు ఏడుస్తుంటే చూడలేక 'ఏం పర్లేదు, తగ్గిపోతుంది' అన్నాడు. ఆ పేషంటు ఇంటికెళ్లి, తగ్గిపోతుందని డాక్టరే అన్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. మందులు మానేశాడు. తగ్గిపోయేదానికి మందులెందుకు? దయ అనేది చాలా ప్రమాదకరమైన వస్తువు. మా వృత్తిలో దాన్ని బయట కారులో పెట్టి రావాలి.

ఫోన్లో చుట్టం

గదిలో డాక్టరుంటుంది, పేషంటుంటారు, ఇంటివాళ్లుంటారు. వీళ్లందరి కంటే ముఖ్యుడు గదిలో ఉండడు, స్పీకర్‌ఫోన్‌లో ఉంటాడు. ప్రతి తెలుగు కుటుంబానికీ అమెరికాలో ఒక డాక్టరు చుట్టం ఉంటాడు. ఏ డాక్టరో అడగకూడదు. పళ్ల డాక్టరు కీమో గురించి మాట్లాడగా విన్నాను. పిల్లల డాక్టరు డెబ్భై ఏళ్ల ముసలాయన స్కాన్ రిపోర్టు ఫోన్లో చదివించుకుని పెదవి విరిచిన చప్పుడు విన్నాను. దానికి ఇంగ్లీషు లేక వదిలేశాను.

ఈ చుట్టాలందరికీ ఒకటే సలహా: అగ్రెసివ్‌గా వెళ్లండి. వెళ్లేది వాళ్లు కాదు కదా.

రెండో రకం చుట్టం వాట్సాప్‌లో ఉంటాడు. బొప్పాయాకు రసం, పసుపు బిళ్లలు, ఇంకేదో పొడి. వీటిని కుటుంబాలు డాక్టరుకి చెప్పవు, తిడతారని. తిట్టరు. కొన్ని పొడులు మందుని పని చేయనివ్వవు, కొన్ని లివర్ని పాడుచేస్తాయి, అందుకే అడుగుతారు. ఇంట్లో ఏం మింగుతున్నారో అన్నీ సంచిలో వేసుకుని రండని డాక్టర్లు అన్నప్పుడల్లా నేను చెప్పేవాణ్ణి. తెచ్చేవాళ్లు అరుదు. ఇంత తెలివైన జాతి, వీసా ఆఫీసరుకి పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతుంది, ప్రాణం పోసే డాక్టరు దగ్గర పొడి డబ్బా దాస్తుంది.

సరోజనమ్మగారు

ప్లెయిన్స్‌బరోలో కూతురింట్లో ఉండేది సరోజనమ్మగారు. గుంటూరు వైపు మనిషి. భర్త పోయాక గ్రీన్ కార్డు మీద వచ్చి స్థిరపడింది. చాలా ఏళ్ల కిందట ఇండియాలో రొమ్ములో గడ్డ తీశారు. అది క్యాన్సరని అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇక్కడికొచ్చాక అది ఎముకల్లో, లివర్లో తేలింది. అప్పుడూ చెప్పలేదు. ఎముకల బలానికని చెప్పి మాత్రలు మింగించారు. అవి కొన్నాళ్లు బాగానే పనిచేశాయి.

అంతవరకూ డాక్టరు మాటలు అల్లుడు కిషోరే చెప్పేవాడు. డాక్టరమ్మ చాలాసేపు వివరంగా మాట్లాడితే, కిషోర్ అత్తగారి వైపు తిరిగి 'అంతా బాగానే ఉందట అత్తయ్యా' అని తేల్చేవాడట. ఇంగ్లీషులో అంత పొడుగున్నది తెలుగులో ఇంత పొట్టిగా ఎలా అవుతుందని డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. ఈసారి స్కాన్ బాగా లేదు, ఇంటర్‌ప్రెటర్ లేకుండా మాట్లాడనంది. అలా నన్ను పిలిచారు.

గది బయటే కిషోర్ నన్ను పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. నిద్ర లేని మొహం. అంకుల్, మీరు మనవాళ్లే కదా, క్యాన్సర్ అనే వర్డ్ మాత్రం వాడకండి, ఇన్ఫెక్షన్ అని మేనేజ్ చేయండి, అన్నాడు. పక్కన కూతురు లలిత నేల చూస్తూ నిలబడింది. నేను మారిసోల్ రూలు చెప్పాను: లోపల ఏ మాట ఎవరన్నా రెండో భాషలో నేను చెబుతాను, మీరు అన్నవి కూడా. చెప్పకూడనివి ఉంటే నా ముందు అనకండి. సరే సరే అంకుల్, అన్నాడు. 'సరే సరే' అన్నవాడు వినలేదని ఈపాటికి మీకు తెలియాలి.

లోపలికి వెళ్లాక అదే మళ్లీ రెండు భాషల్లో చెప్పాను. డాక్టరమ్మ కూర్చుంది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి స్పీకర్‌ఫోన్‌లో గుండె డాక్టరు, సరోజనమ్మగారి ఆడపడుచు కొడుకు. డాక్టరమ్మ ఫైలు తెరిచిందో లేదో, కిషోర్ ముందుకు వంగి గడగడా ఇంగ్లీషులో మొదలెట్టాడు. ఇన్నాళ్లూ ఆ గదిలో తన ఇంగ్లీషుని అత్తగారికి తెలుగులో చెప్పేవాళ్లు లేరు. ఆ అలవాటు.

అతను ఆపగానే నేను నా పని చేశాను. సరోజనమ్మగారి వైపు తిరిగి, కిషోర్ గొంతులో ఎంత కంగారుందో అంతే కంగారుతో అన్నాను: "డాక్టర్, మా అత్తయ్యకి ఇది నాలుగో స్టేజ్ క్యాన్సరని దయచేసి చెప్పకండి. తట్టుకోలేదు."

ఫోన్లో గుండె డాక్టరుకి గుండె ఆగినట్టుంది. కిషోర్ నన్ను చూసిన చూపుకి ఏ భాషలోనూ తర్జుమా లేదు. లలిత మాత్రం తలెత్తింది.

సరోజనమ్మగారు అల్లుణ్ణి చూసింది. కోపంగా కాదు.

"నాలుగంటే ఆఖరిదా బాబూ, ఇంకా ఉన్నాయా పైన?"

నేను ఆ మాట డాక్టరమ్మకి చెప్పాను. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది, నేను వెంట చెప్పుకుంటూ వచ్చాను: అయిదోది లేదు. నాలుగో స్టేజంటే మొదలైన చోటు వదిలి వేరే చోట్లకి పాకిందని అర్థం. పూర్తిగా పోగొట్టడం నా వల్ల కాదు. అదుపులో పెట్టే మందులున్నాయి. ఒకటి పనిచేసినన్నాళ్లు వాడతాం, ఆగితే ఇంకోటి చూస్తాం. ఎన్నాళ్లన్నది నిజంగా నాకు తెలియదు.

నేను ఆ మాటలు ఎన్ని గదుల్లో చెప్పానో. 'పోగొట్టలేం' దగ్గర ఇంటివాళ్ల చెవులు మూసుకుంటాయి. 'మందులున్నాయి' దగ్గర తెరుచుకుంటాయి. పేషంటు చెవులు రెండింటికీ తెరిచే ఉంటాయి. మధ్యలో ఆ పేషంటు పగిలిపోతారని కాపలా కాసేదేమో చెవులు మూసుకున్నవాళ్లు.

సీట్ల కౌన్సెలింగ్

తర్వాత డాక్టరమ్మ వైద్యానికున్న దారులు చెప్పింది. గడ్డ ముక్క మీద జీన్ పరీక్ష చేస్తే ఒక మార్పు కనబడింది, దానికి గురిపెట్టే మాత్ర ఒకటుంది. విరేచనాలు, సుగర్ పెరగడం లాంటివి రావచ్చు. రెండోది కీమో, వారం వారం సెలైన్‌లో ఎక్కించేది. త్వరగా పనిచేసే అవకాశముంది, జుట్టు పోతుంది, వేళ్లూ పాదాలూ మొద్దుబారవచ్చు. మూడోది వేరే ఊళ్లో పెద్ద హాస్పిటల్లో కొత్త మందులు పరీక్షించే ట్రయల్. అందులో మంచి మందు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, మాటిమాటికీ వెళ్లాలి. ఇవేవీ వద్దనుకుంటే నొప్పి, ఆయాసం లేకుండా చూడటం మాత్రమే చేయొచ్చు, అదీ ఒక దారే. ప్రస్తుతం లివర్ బాగానే పనిచేస్తోంది, జబ్బు మెల్లగానే నడుస్తోంది, కాబట్టి మాత్రతో మొదలెట్టినా తప్పు లేదు, కీమో ఎక్కడికీ పోదు, అంది.

కిషోర్ కళ్లల్లో నాకు మనవాళ్ల అసలు జబ్బు కనబడింది. ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ జబ్బు. మనకి నాలుగు దారులు చూపిస్తే నాలుగు దారులుగా కనబడవు, ర్యాంకులుగా కనబడతాయి. అన్నిటికంటే కష్టమైనది టాప్ సీటు. తేలికైనది తెలివి తక్కువవాళ్లకి. టాప్ సీటు వచ్చే అవకాశముండి కిందిది తీసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? కీమో టాప్, మాత్ర మేనేజ్‌మెంట్ కోటా. ఫోన్లో గుండె డాక్టరు కూడా తేరుకుని, మాత్రేమిటి, హిట్ ఇట్ హార్డ్, అన్నాడు. దెబ్బ పడేది రోగానికొక్కదానికేనని ఆయన నమ్మకం.

డాక్టరమ్మ పేషంటుని అడిగింది, మీకు ఏది ముఖ్యం అని. నేను తెలుగులో ముగించేలోపే కిషోర్ ఇంగ్లీషులో, ఆవిడకి అన్నీ చేయించుకోవాలనే ఉంది, అని జవాబిచ్చేశాడు. ఆ మాటా తెలుగులో చెప్పాను, ఏం చేయను.

"ఆవిడ నన్నడిగిందా, నిన్నడిగిందా?" అంది సరోజనమ్మగారు అల్లుడితో. తర్వాత నా వైపు తిరిగి అడగమంది. "ఆ సెలైన్ మందు పెడితే కాళ్లు మొద్దుబారతాయన్నావు. బ్రేకు తెలుస్తుందా కాలికి?"

నేను అడిగాను. డాక్టరమ్మకి అర్థం కాలేదు. లలిత అప్పుడు నోరు విప్పింది, అమ్మ కారు నడుపుతుందని.

మీలో ఈ దేశపు అపార్ట్‌మెంటుల్లో పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ కారు లేని ముసలివాళ్లు పార్సిల్ లాంటివాళ్లు. ఎవరో వచ్చి తీసుకెళ్లాలి, ఎవరో తెచ్చి దింపాలి. సరోజనమ్మగారు కొన్నేళ్లు పార్సిల్‌గా ఉండి, విసుగెత్తి, అరవై దాటాక నేర్చుకుంది. రెండు కార్ల మధ్య బండి దూర్చే పరీక్షలో తప్పుతూ తప్పుతూ లైసెన్సు తెచ్చుకుంది. అప్పట్నుంచి వాళ్ల అపార్ట్‌మెంట్ల కాంప్లెక్సులో అత్తగార్లకీ అమ్మగార్లకీ ఆవిడే డ్రైవరు. కూరల కొట్టుకి, గుడికి, కళ్ల డాక్టరు దగ్గరికి. ఇంట్లోవాళ్లకి అది ముసలావిడ కాలక్షేపం.

"అత్తయ్యా, డ్రైవింగ్ ఏంటి ఇప్పుడు. లైఫ్ గురించి మాట్లాడుతున్నాం."

"నేనూ దాని గురించే బాబూ."

ఈ రెండు వాక్యాలూ నేను ఇంగ్లీషులో చెప్పాను. నా సర్వీసులో నేను చెప్పిన వాటిలో అంత తేలికైన తర్జుమా లేదు, అంత బాగా చెప్పిందీ లేదు. డాక్టరమ్మ తల పంకించి సూటిగా జవాబిచ్చింది: కీమోతో పాదాల స్పర్శ కొందరికి పోతుంది, కొందరికి మళ్లీ వస్తుంది, కొందరికి రాదు. మీకేమవుతుందో ముందే చెప్పలేను. మాత్రతో ఆ ఇబ్బంది సాధారణంగా ఉండదు. స్కాన్లు తీసి చూస్తూ ఉందాం, పనిచేయకపోతే అప్పుడు మళ్లీ కూర్చుందాం.

సరోజనమ్మగారు మాత్ర తీసుకుంది. కిషోర్ ఎంత బతిమాలినా వినలేదు. తుంటినొప్పికి పాలియేటివ్ వాళ్ల దగ్గరికీ పంపుతానని డాక్టరమ్మ అంటే కిషోర్ మళ్లీ ఎగిరాడు. ఆ పేరంటే మనవాళ్లకి పాడె కట్టేవాళ్లు. కాదు. వాళ్లు నొప్పి తగ్గించేవాళ్లు, నిద్ర పట్టించేవాళ్లు. మందు నడుస్తుండగానే నడిచే వైద్యం అది. ఆ నెలలోనే ఆవిడ దిండు లేకుండా డ్రైవింగ్ సీట్లో కూర్చోగలిగిందని తర్వాత విన్నాను.

కిషోర్ నా మీద కంప్లైంట్ ఇచ్చాడు. మారిసోల్ నన్ను పిలిచి అడిగింది, ముందే చెప్పావా అని. రెండుసార్లు చెప్పానన్నాను. అతను అన్నదే అన్నావా? అన్నదే అన్నాను. అయితే వెళ్లి పని చూసుకో, అంది. ఇలాంటి బాస్ దొరికితే వదలకండి. దొరకరు.

పోరాటం అనేవాళ్లకి

ఇంకొక్క మాట చెప్పి ఊరుకుంటాను. గదుల్లో అందరూ పేషంటుని యోధుడంటారు. ఫైట్ చేయాలంటారు. ఓడిపోతే అది రోగి బద్ధకం అన్నట్టే కదా. స్కానుకీ స్కానుకీ మధ్య మనుషులు ఏం చేస్తారో నేను చూశాను. యుద్ధం చేయరు. పప్పు నానబెడతారు, మనవడి మీద విసుక్కుంటారు, స్కాన్ దగ్గర పడితే అన్నం సహించదు, రిపోర్టు బాగుంటే ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటారు. రోగంతో కాపురం చేస్తారు. యుద్ధం చేసేది చుట్టాలు, అదీ ఫోన్లో.

మీరు ఆ గదిలో చుట్టం కావద్దు. డాక్టరు మెత్తగా అంటే మెత్తగా చెప్పండి, గట్టిగా అంటే గట్టిగా చెప్పండి. డాక్టరు ఏమీ తేల్చకుండా గాలి మాటలు అంటే, అవీ అలాగే గాలిలా చెప్పండి. పేషంటే అడుగుతారు, దీనర్థం ఏమిటని. డాక్టర్లలోనూ ఆ రకం తక్కువేం లేరు. 'చూద్దాం' అనే ముక్కతో కెరీర్ నడిపినవాళ్లని చూశాను.

మొన్న

నేను రిటైరయ్యాక, ఈ మధ్యే, కూరల కొట్టు పార్కింగులో ఎవరో హారన్ కొట్టారు. తిరిగి చూస్తే సరోజనమ్మగారు. బాగా చిక్కిపోయింది, స్టీరింగ్ మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నా చేతిలో సంచులు చూసి, ఎక్కు, దింపుతానంది.

దారిలో చెప్పింది. మాత్ర అనుకున్నదానికంటే ఎక్కువ కాలం పనిచేసింది, ఇప్పుడు ఆగిపోయింది. డాక్టరమ్మ కీమో సంగతి మళ్లీ ఎత్తింది. ఈవిడ, ముందు కాంప్లెక్సులో ఆడవాళ్లకి సముద్రం చూపించి వస్తాను, వచ్చాక చెబుతానందట. డాక్టరమ్మ అందుకు ఒప్పుకుంది. కిషోర్ ఇప్పుడు ఏమీ అనడంలేదట. బండికి టైర్లు మార్పించాడట.

నాకు రూలు లేదు, మారిసోల్ లేదు. మా స్పానిష్ బాస్ సొంత మాట ఒక్కటీ ఆడనిచ్చేది కాదని ఆవిడకి చెప్పి, దశాబ్దాలు మూసి ఉంచిన సొంత నోరు తెరిచాను. అక్కా, సముద్రం ఎక్కడికి పోతుంది, ముందు కీమో మొదలెట్టండి, బండి ఎవరైనా నడుపుతారు, అన్నాను. కీమో పెట్టించుకున్న మా బావమరిది సంగతి చెప్పాను. ఎవరో తాగి బాగుపడ్డారన్న రసం పేరు కూడా చెప్పబోయాను. మా ఇల్లు దాటిపోయినా గమనించకుండా చెబుతూనే ఉన్నాను.

ఆవిడ సిగ్నల్ దగ్గర మెత్తగా బ్రేకు వేసి, నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ నీ సొంత మాట ఒక్కటీ ఆడనివ్వని ఆ స్పానిష్ ఆవిడ ఎంత తెలివైందో ఇప్పుడు తెలిసిందయ్యా. బెల్టు పెట్టుకో."